పిట్ట మోకాలి లోతు

ఫిబ్రవరి 18

వియ్యపురాలు వదినగారికి,

ఇక్కడ అందరం క్షేమం. మిషను తొక్కుతున్నంతకాలం మీకేమీ కాదని మా కోడలు, అంటే మీ అమ్మాయి, అంటూనే ఉంటుంది కనక మీ క్షేమం ప్రత్యేకంగా అడగను. ఈయన ఫోను చేసి చెప్పమన్నారు. నేను ఒప్పుకోలేదు. పంపుహౌసులో ముప్పై ఏళ్ళు నీటిమట్టం గేజీలు చూసి చూసి ఆ హోరుకి నా చెవులు పోయాయి. ఫోనులో సగం మాటలు వినపడవు, వినపడని సగం మీద మళ్ళీ మనిద్దరికీ పేచీ. కాగితమైతే ఎవరేమన్నారో సాక్ష్యం ఉంటుంది.

సంగతేమిటంటే, మా పెరట్లో కొలను తవ్విస్తున్నాం. బట్టలుతికే రాయికి అవతల, గోడ వారగా. ఏడడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. కలువలు వేస్తాం, ఎర్ర చేపలు వదులుతాం. ఏప్రిల్ ఆఖరున సెలవులకి మన మనవరాలు పిట్ట దిగేసరికి నీళ్ళు నిండి ఉండాలని నా పంతం. పోయినేడు వచ్చినప్పుడు బకెట్లో కాయితప్పడవలు వేసుకుని, "నాయనమ్మా, ఇంకా పెద్ద బకెట్ లేదా?" అని అడిగింది. ఆ మాట ఏడాదిగా నా చెవుల్లో ఉంది. ఇంత చెవిటిదాన్నీ ఆ ఒక్క మాట మాత్రం బాగా విన్నాను. పిల్ల ఈసారి దిగిందంటే ఇక పెరట్లోంచి కదలదు, చూస్తూ ఉండండి.

అన్నీ తేలాయి గానీ లోతు దగ్గరే ఆగాం. ఈయన నాలుగడుగులంటారు. బస్సుల కింద దూరి రిపేర్లు చేసిన మనిషి కదా, గొయ్యి అంటే ఆయనకి మనిషి దిగేంత ఉండాలి. నేను మూడు చాలంటాను. మీరేమంటారు? మీకు నేలా పెరడూ లేవు గానీ తెలివికి లోటు లేదు.

ఇట్లు,
మీ నీళ్ళ వదిన

ఫిబ్రవరి 26

నీళ్ళ వదినగారికి నమస్కారాలు.

"మీకు నేలా పెరడూ లేవు గానీ" అన్న వాక్యం మూడుసార్లు చదువుకున్నాను. అక్షరాలా నిజం. మేడమీద రెండు గదులు, ముందు గదిలో మిషను, వరండాలో మూడు కుండీలు. మూడో కుండీలో మొక్క పోయి నెలైంది. ఆ కుండీలో మాత్రం చేపల్ని పెంచలేను.

ఉన్నమాట రాస్తాను, మీరెలాగూ కనిపెడతారు. నాకు కుళ్ళుగా ఉంది. మీ ఉత్తరం వచ్చిన పూట పెళ్ళికూతురి జాకెట్టుకి చంకలు తప్పు కత్తిరించాను. పెళ్ళికూతురి తల్లి నా మొహంలోకి చూసి, "ఒంట్లో బాగాలేదా?" అంది. బాగానే ఉందమ్మా, మా వియ్యపురాలు గుంట తవ్విస్తోంది, అన్నాను. పాపం, ఎవరో పోయారనుకుంది.

లోతు సంగతి అడిగారు. నాలుగడుగులా? పిట్టే నాలుగడుగులు ఉండదే! చిన్నపిల్లలకి చెంబెడు నీళ్ళు చాలు ప్రమాదానికి. జానెడు తవ్వండి. జానెడు నీళ్ళలో కలువలూ పూస్తాయి, పిల్లా బతుకుతుంది.

ఇంకో మాట. రెండేళ్ళ కిందట నా మణికట్టు విరిగినప్పుడు, చేయి కట్టుతో పిల్లకి జడ కూడా వేయలేనని సెలవులన్నీ మీ దగ్గరే ఉంచాం. నిరుడు, "పోయినేడు ఇక్కడ అలవాటు పడింది కదా, మళ్ళీ తిప్పడమెందుకు?" అన్నారు. సరే అన్నాను. ఈ ఏడు నా మణికట్టు గట్టిగా ఉంది. సగం సెలవులు నావి. మనవాళ్ళ పెళ్ళినాడు అనుకున్న మాటే, కొత్తదేం కాదు.

ఉంటాను,
నేలలేని వదిన

మార్చి 9

వదినగారికి,

మీరు చేసిన పని ఏమైనా బాగుందా?

నేను మర్యాదగా సలహా అడిగితే మీరు నాకు జానెడు అని రాసి, అదే రోజు మీ అమ్మాయికి, "అత్తగారింట్లో గుంట తవ్వుతున్నారు, పిల్లని పంపకు" అని రాస్తారా? అది నిన్న ఫోను చేసింది. ఆ ముక్క మాత్రం స్పష్టంగా వినపడింది, ఎందుకంటే అరిచింది. కొలనుని గుంట అనడమొకటి. మీరు కుట్టేవాటిని నేనెప్పుడైనా గుడ్డపీలికలన్నానా?

జానెడు నీళ్ళు మిట్టమధ్యాహ్నం ఎండకి కాగుతాయి. చేపలు ఉడుకుతాయి. నీళ్ళ గురించి మీరు నాకు చెప్పడం ఎలా ఉందంటే, నేను వచ్చి మీకు కాజాలు కుట్టడం చెప్పినట్టుంది. మీకు కుళ్ళని మీరే రాసుకున్నారు కనక ఆ మాట నేను వేరే అనక్కర్లేదు.

ఇంతలో మావాడు ఫోను అందుకున్నాడు. వాడి తీర్పు వినండి. "మీ ఇద్దరూ ఒక్క లోతు మీద ఒప్పుకుని, ఒకే కాగితం మీద ఇద్దరూ సంతకాలు పెట్టి పంపండి. అప్పుడే పిల్ల వస్తుంది. లేదంటే ఇద్దరి దగ్గరికీ రాదు, ఇక్కడే బొమ్మలేసే క్లాసులో చేరుస్తాం" అన్నాడు. కన్నకొడుకు! రెండు రోజుల రైలు దూరంలో ఉండి మనకి షరతులు పెడుతున్నాడు. మీ అల్లుడే కదా, మీరే ఏమైనా చెప్పండి.

కాగితం ఇందులో పెట్టాను. కింద నా సంతకం పెట్టేశాను, లోతు ఖాళీ వదిలాను. మీరు జానెడు అని రాసిన మరుక్షణం చింపేస్తానని గుర్తుంచుకోండి. పిల్లని చూడకుండా ఏడాది గడవడం నావల్ల కాదు. మీవల్ల అవుతుందేమో మీరే ఆలోచించుకోండి.

మీ వదిన

మార్చి 17

వదినగారికి,

"మీవల్ల అవుతుందేమో" అన్నారు. నావల్ల అయింది. ఒకటి కాదు, రెండేళ్ళు. మూడో ఏడు మాత్రం కాదు. అందుకే తగ్గుతున్నాను. మీకు భయపడి కాదు.

అమ్మాయికి రాసింది తప్పే. రాసి పెట్టెలో వేశాక పోస్టుమాన్ని బతిమాలి వెనక్కి తీసుకుందామని కిందికి దిగాను కూడా. అప్పటికే సంచీ కట్టేశాడు.

ఇక లోతు. మోకాలి లోతు పెట్టండి. పిల్ల కాలు జారి పడినా లేచి నిలబడుతుంది, అడుగున చతికిలబడినా తల పైనే ఉంటుంది. ఆడుకోడానికి అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు, తక్కువైతే సరదా లేదు. ఎవరి మోకాలు అని అన్నయ్యగారు అడుగుతారేమో. పిట్ట మోకాలు.

ఆ కొలత మీకెలా తెలుస్తుంది అని మీరు అనుకుంటూ ఉంటారు. పిట్ట కొలతలు నా వేళ్ళకి తెలుసు వదినగారూ. అది పుట్టిన పదకొండో రోజు చొక్కా దగ్గర్నుంచి నేనే కుట్టాను. ఇందులో ఎర్ర రిబ్బను పెడుతున్నాను. రెండు ముళ్ళున్నాయి. కింది ముడి అరికాలు, పై ముడి మోకాలి చిప్ప. ఆ ముడికీ ఈ ముడికీ మధ్య ఎంతుందో అంతే తవ్వండి, వెంట్రుకవాసి ఎక్కువొద్దు, తక్కువొద్దు. ఈ ఒక్క విషయంలో మీ గేజీలకి తెలియనిది నా టేపుకి తెలుసు.

కాగితం మీద "పిట్ట మోకాలి లోతు" అని రాసి సంతకం పెట్టి అల్లుడుగారికి పంపేశాను. మీరు చింపకుండా.

టైలరు వదిన

ఏప్రిల్ 14

వదినగారికి,

కొలను తయారైంది. ఈయన గునపం పట్టారు, నేను తట్ట మోశాను. ఆయన నడుం రెండు రోజులు పట్టేసింది, తైలం రాస్తూ మీ పేరు తలుచుకున్నాను. మీ రిబ్బను తెచ్చి గోడకి మేకు కొట్టి వేలాడదీసి, ప్రతి తట్టకీ కొలిచాం. పదకొండు అంగుళాలు. నాకైతే కొలనులా లేదు, పెద్ద పళ్ళెంలా ఉంది. కానీ సంతకం పెట్టాక మాట తప్పే వంశం కాదు మాది. సిమెంటు పూశాం, ఆరింది, గట్టు అంచు దాకా నీళ్ళు నింపాం. నాలుగు కలువ దుంపలు, ఎనిమిది చేపలు. చేపలకి మధ్యాహ్నం పూట గోనెపట్టా నీడ కడుతున్నాను.

పిట్ట ఇరవై ఆరున దిగుతుంది. ఇక సగం సెలవుల మాటంటారా, నేను కాదనను. పిల్ల ఇష్టం. వస్తానంటే పంపుతాను, నీళ్ళు వదిలి రానంటే చెయ్యి పట్టుకుని లాక్కురాలేను కదా.

ఈయన కొలను ఫొటో తీసి మీ అమ్మాయికి పంపారు. మీకూ పంపమన్నాను, చూసి ఆనందిస్తారని.

మీ నీళ్ళ వదిన

ఏప్రిల్ 21

పిల్ల ఇష్టమట! ఎంత బాగా రాశారండీ. ముందు నీళ్ళూ చేపలూ పెట్టి, పిల్లని గట్టు మీద కూర్చోబెట్టి, "ఇవన్నీ వదిలి మేడమీద రెండు గదుల్లోకి వెళ్తావా అమ్మా?" అని అడుగుతారన్నమాట. ఏడేళ్ళ పిల్ల ఏమంటుంది? నన్నడిగినా నేను మీ ఇంట్లోనే ఉంటానంటాను.

ఫొటో అందింది. చాలా ఆనందించాను. బోర్లా తిప్పి, మీద కత్తెర పెట్టాను. గంటకోసారి తిప్పి చూస్తున్నాను, మళ్ళీ బోర్లిస్తున్నాను. ఆ కలువాకులు అంత పచ్చగా ఉండకపోతేనేం?

మే పదిహేనున నేనే వచ్చి పిల్లని తెచ్చుకుంటాను. అప్పటిదాకా మీరు చూపించవలసిన చేపలన్నీ చూపించుకోండి.

వదిన

మే 3

వదినగారికి,

మీరు రానక్కర్లేదు.

పిట్ట వచ్చింది. బ్యాగు కూడా దించకుండా పెరట్లోకి పరిగెత్తింది. నేనూ ఈయనా వెనకాలే. రెండు నెలలుగా నేను కలగన్న క్షణం అది. చెప్పులిప్పి నీళ్ళలోకి దిగింది. నీళ్ళు దాని పిక్కల దాకా వచ్చాయి. పిక్కల దాకా! మోకాలు ఎక్కడో పైన, ఎండలో ఉంది. అది ఒకసారి కిందికి చూసుకుని, మావైపు చూసి ఏమందో తెలుసా? "కాళ్ళు కడుక్కోవడానికా నాయనమ్మా?" అంది. అని నవ్వింది. పక్కింటివాళ్ళు గోడ మీంచి చూస్తున్నారు, వాళ్ళూ నవ్వారు.

నాలుగు రోజులయ్యేసరికి మూడు చేపలు పోయాయి. నీళ్ళు చేత్తో ముట్టుకుంటే గోరువెచ్చగా ఉన్నాయి. పిట్ట వాటిని కాగితంలో చుట్టి పాతిపెట్టింది, ఆ పూట అన్నం తినలేదు. ఇప్పుడు పెరట్లోకి వెళ్ళడమే మానేసింది. టీవీ ముందు కూర్చుంటోంది.

ముప్పై అయిదేళ్ళు కత్తెర పట్టిన చెయ్యండీ మీది. ఒక పిల్ల మోకాలు ఇంత తప్పు చెబుతుందా? ఊళ్ళో ఆడవాళ్ళందరి నడుములూ చూపుతోనే చెప్పే మనిషికి సొంత మనవరాలి కాలెంతో తెలీదా? తెలుసు. తెలిసే పొట్టి రిబ్బను పంపారు. నా కొలను నవ్వులపాలవ్వాలని, పిల్ల నా దగ్గర నిలవకూడదని. కుళ్ళు ఉందని రాసినప్పుడు వేళాకోళమనుకున్నాను. ఇంత అని నాకు తెలీదు.

పదిహేనున పిల్లని పంపను. మీ అబద్ధానికి నేనిచ్చే జవాబు ఇదే.

మే 9

వదినగారికి,

కాగితమైతే సాక్ష్యం ఉంటుందన్నది మీరే. మీ ఉత్తరాలన్నీ బొత్తాల డబ్బా కింద భద్రంగా ఉన్నాయి. తీశాను. చదవండి.

రెండేళ్ళ కిందట, జూన్ నెల, మీ దస్తూరీ: "మీరు పంపిన పసుపు గౌను అందింది. కాస్త పొడుగైంది, వచ్చే ఏడు సరిపోతుంది లెండి." ఆ గౌను ఎంతనుకున్నారు? భుజం నుంచి మోకాలి దాకా ఇరవై రెండు అంగుళాలు. విరిగిన చేత్తో, కట్టు విప్పిన వారానికే కుట్టాను.

నిరుడు మే నెల, మళ్ళీ మీ దస్తూరీ: "నీలం గౌను అతికినట్టు సరిపోయింది. ఏం చేయి మీది!" అదీ ఇరవై రెండే. ముందటేడు పొడుగైందన్నారు కనక పెంచలేదు. పిల్లలకి భుజం నుంచి మోకాలి దాకా ఎంతో, అందులో సగం మోకాలి నుంచి నేల దాకా. మాకు ఇది నోటిలెక్క. ఇరవై రెండులో సగం ఎంత? పదకొండు. ఆ పదకొండే రిబ్బను మీద ముళ్ళు వేసి పంపాను. ఇందులో నా కుట్రేమిటి?

పైగా, ఏడాదంతా నేను ఎంత బెంగ పడ్డానో మీకు తెలుసా? పిల్ల ఎదగడం లేదు, అక్కడ సరిగా తినడం లేదు కాబోలు అని. అమ్మాయిని అడగొచ్చు. కానీ మనవరాలి కొలత కూతురికి ఫోను చేసి అడిగే గతి పట్టిందా నాకు అని, నోరు మూసుకున్నాను. పంతం. మీ ఒక్కరికే ఉంటుందా?

ఒక పని చేయండి. ఆ నీలం గౌను తీసి పిల్లకి తొడిగి చూడండి. పిల్ల పిక్కలకి, నీళ్ళకి సంబంధించిన సంగతి అక్కడే తేలిపోతుంది. తొడిగి, చూసి, ఏం కనపడిందో నాకు రాయండి. నా మీద వేసిన నింద సంగతి తర్వాత మాట్లాడదాం.

టైలరు

మే 15

వదినగారికి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లు చింపాను. ఇది అయిదోది. ఇక చింపను.

నీలం గౌను తొడగలేదు. ఎందుకంటే ఆ ప్యాకెట్టు ఇంతవరకూ విప్పనేలేదు. ఇనప్పెట్టెలో అడుగున ఉంది, మీరు కుట్టిన దారంతో సహా. విప్పకుండానే అతికినట్టు సరిపోయిందని రాశాను.

పసుపు గౌను విప్పాను. అదే తప్పయింది. ఆ ఏడు పిట్ట ఆ గౌను తొడుక్కుని పది రోజులు విప్పలేదు. నేను ఉతుకుతానంటే ఏడ్చేది. అది దానికి పొడుగూ కాలేదు, పొట్టీ కాలేదు. అమిరింది. పాలవాడు వస్తే, "మా అమ్మమ్మ కుట్టింది." కూరగాయలావిడ వస్తే, "మా అమ్మమ్మ కుట్టింది." పోస్టుమాన్ని గేటు దగ్గర ఆపి మరీ చెప్పింది. పొద్దున లేచి నా ఇంట్లో, నా అద్దం ముందు నిలబడి కుచ్చిళ్ళు పట్టుకుని తిరిగేది. అన్నం కలిపి పెట్టేదాన్ని నేను, జ్వరం వస్తే పక్కన కూర్చునేదాన్ని నేను, అది తిరుగుతూ పలికే పేరు మీది.

నాకు కడుపు మండిపోయింది వదినగారూ. ఇంకో మాట లేదు దీనికి. పదకొండో రోజు, ఉతకాలని చెప్పి తీసి పెట్టెలో దాచేశాను. అడిగితే చిరిగిందని చెప్పాను. మీకేమో పొడుగైందని రాశాను. నిరుడు నీలం ప్యాకెట్టు వచ్చినప్పుడు అది బడి స్నేహితురాలికి ఉత్తరం రాసుకుంటోంది. చూడకముందే పెట్టెలో వేశాను. "అలవాటు పడింది కదా, మళ్ళీ తిప్పడమెందుకు?" అని మీకు రాసింది కూడా అందుకే.

కొలను తవ్వడానికి మూలం కూడా బకెట్టు మాట కాదు. పోయినేడు వెళ్ళిపోయేటప్పుడు రైల్లో కిటికీ పక్కన కూర్చుని, "అమ్మమ్మ వాళ్ళింటికి ఎప్పుడు?" అంది. నేను గౌన్లు కుట్టలేను. పెరడుంది కనక తవ్వాను.

నా అబద్ధమే నా కొలను లోతైంది. చేపల్ని చంపింది నేనే. మీ మీద నింద వేసింది నేనే. ఈయనకి అంతా చెప్పాను. పిల్ల సంచీ తెచ్చి నా ముందు పెట్టి, "పిల్ల బట్టలు సర్దు" అన్నారు.

నేను కొలత తీసి పంపుదామనుకున్నాను. టేపు ఎక్కణ్ణుంచి ఎక్కడికి పట్టాలో తెలీలేదు, పిల్ల కితకితలని గెంతుతోంది, మూడుసార్లు మూడు లెక్కలొచ్చాయి. అందుకని పిల్లనే పంపుతున్నాను. పదిహేడున ఈయన ఈ ఉత్తరంతోపాటు తీసుకొస్తున్నారు. రెండు గౌన్లూ సంచీలో ఉన్నాయి. అవి ఎందుకు దాచానో మాత్రం దానికి చెప్పకండి. ఈ ఒక్కటీ అడుగుతున్నాను.

మీ వదిన

మే 26

వదినగారికి,

అన్నయ్యగారు పిల్లని దింపి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. ఆయన మొహం చూసి మీ మీద కోపం సగం దిగింది. మిగతా సగం ఇంకా ఉంది, తొందరపడకండి.

మొదటి రోజు సంగతి చెప్పనా? పిల్ల గది మధ్యలో నిలబడి, చేతులు దగ్గరపెట్టుకుని, "అమ్మమ్మా, నీళ్ళు తాగొచ్చా?" అని అడిగింది. నా ఇంట్లో. ఇదివరకు కుర్చీ ఎక్కి అలమారలో డబ్బాలు దింపుకున్న పిల్ల. నేను వంటగదిలోకి వెళ్ళి గ్లాసు కడుగుతూ ఏడ్చాను. ఏడుస్తూ మిమ్మల్ని తిట్టాను. ఏం తిట్టానో రాయను, సాక్ష్యం ఉంటుంది.

రెండో రోజు నుంచి పొద్దున్నే మీ చేపలు. మిగిలిన అయిదు చేపలకీ పేర్లు పెట్టిందట. మీరు గోనెపట్టా నీడ ఎలా కట్టారో నా వరండాలో దుప్పటితో కట్టి చూపించింది. నాయనమ్మ అలా, నాయనమ్మ ఇలా. మీ అద్దం ముందు నా పేరు వింటే మీకెలా ఉందో నాకు నా మిషను ముందు మీ పేరు విన్నాక అర్థమైంది. అందుకే తిట్టడం ఆపాను.

నిన్న కొలిచాను. స్టూలు మీద కాదు, నేల మీద నిలబెట్టి. మోకాలు పదమూడున్నర అంగుళాలు. నీలం గౌను మోకాలికి అయిదంగుళాలు పైన ఆగింది.

మీరొక్కరే అబద్ధమాడారని అనుకోకండి. నేను ముప్పై అయిదేళ్ళుగా ఎదిగే పిల్లలకి కుడుతున్నాను. ఏడాది తిరిగేసరికి గౌను పొడుగు రెండంగుళాలు పెంచక్కర్లేని పిల్ల నాకింతవరకూ తగల్లేదు. ఊళ్ళో పిల్లలందరికీ లోపల రెండంగుళాలు మడత వదిలి కుడతాను, ఎదిగినప్పుడు విప్పుకోమని. మీరు సరిపోయిందని రాయగానే ఎందుకు నమ్మాను? బెంగపడ్డ మాట నిజమే గానీ, నేను చూడకుండా అది ఎదగలేదు అనుకోవడం లోలోపల హాయిగానూ ఉంది. ఆ హాయితోనే ముళ్ళు వేశాను. కుట్ర కాదు గానీ, నిర్దోషినీ కాను.

ఇప్పుడు కొలను. మీరు పదమూడున్నర తవ్విస్తే వచ్చే ఏడు మళ్ళీ పొట్టి. ఏటా సిమెంటు పగలగొట్టలేరు. కనక గౌనుకి మడత వదిలినట్టు చేయండి. ఎక్కువ లోతు తవ్వి, అడుగున అంగుళం మందం పలకరాళ్ళు ఒకదాని మీద ఒకటి పరవండి, పైన పదమూడున్నర మిగిలేట్టు. ఏడాదికో వరస తీసేయండి. పిల్లతోపాటు లోతూ పెరుగుతుంది. నాలుగు వరసలు చాలు. ఆ తర్వాత నా చేయి టేపు పట్టగలదో లేదో.

షరతు ఒకటుంది. ప్రతి ఏడూ సెలవులకి పిల్ల ముందు నా దగ్గరికి రావాలి. నేను కొలిచి, మోకాలు ఎంతో రాసి ఇస్తేనే మీరు రాయి తీయాలి. మీ అంతట మీరు టేపు ముట్టుకోకూడదు. ఒప్పుకుంటే రాయండి. ఒప్పుకోకపోతే ఆ పళ్ళెంలోనే కాళ్ళు కడుక్కోండి.

టైలరు వదిన

జూన్ 4

వదినగారికి,

మీ షరతు చదివి ఒళ్ళు మండింది. ముందు మీ దగ్గరికట! ఈయనకి వినిపిస్తే, "న్యాయంగానే అడిగింది" అన్నారు. ఆ పూట ఆయనతో మాట్లాడలేదు. మర్నాడు పొద్దున లేచి పెరట్లోకి వెళ్ళి ఆ పళ్ళేన్ని చూసి, గునపం తెమ్మన్నాను.

పాత సిమెంటంతా పగలగొట్టాం. ఒక మూల చేపలకి వేరే గొయ్యి తీసి, మీద ఇనప జల్లెడ బిగించాం, పిల్ల కాలు పోకుండా. మిగతాచోట పలకరాళ్ళు పరిచాం, గరుకు వైపు పైకి పెట్టి. జారదు. పైన పదమూడున్నర అంగుళాలు, ఈసారి నా గేజీతో నేను చూశాను. తక్కువా లేదు, ఎక్కువా లేదు.

పిట్టకి పదో తేదీన రైలు. ఎనిమిదిన మీరే తీసుకురండి. ఇంకెవరితోనూ పంపకండి, మీరు రండి. వచ్చి రాళ్ళు లెక్కపెట్టుకోండి, నా మాట ఎలాగూ నమ్మరు కదా.

మీరు నాలుగు వరసలు చాలన్నారు. ఈయన అయిదన్నారు. నేను ఎనిమిది వేయించాను. తవ్వీ తవ్వీ మళ్ళీ నడుం పట్టేసి, గొయ్యిలోనే కూర్చుని ఈయన నామీద అరిచారు. "ఎనిమిదేళ్ళకి దానికి పదిహేనొస్తాయి. పదిహేనేళ్ళ పిల్ల మోకాలి లోతు నీళ్ళలో ఆడుకుంటుందా?" అన్నారు.

"ఆడుకోకపోతే పోనీండి, కొలతకైనా వదినగారు ఉండాలి కదా" అన్నాను.

మీ వదిన